విస్తట్లో లేని కూర

"ఎల్లుండే తద్దినం. ఈ చీటీలో ఉన్న కూరల్లో సగం మన బజార్లో దొరకలేదు. ఆ సగం సంగతి నువ్వు చూడాలి" అంటూ మా వదిన నా చేతిలో ఓ కాగితం పెట్టింది.

రాత్రి బస్సులో హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చి, నేనింకా మొహమైనా కడుక్కోలేదు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు పని చెప్పకూడదనే రోజులు ఎప్పుడో పోయాయి లెండి. కాఫీ తాగుతూ కాగితం విప్పాను. వంటావిడ చెబుతూంటే మా మేనల్లుడు రాసిన చిట్టా అది. కంద, పెండలం, చామదుంపలు, అరటికాయలు, కాకరకాయలు, నాటు చిక్కుళ్ళు, గోరుచిక్కుళ్ళు, నల్లేరు, చిలగడదుంపలు, అల్లం, కరివేపాకు. చివర రెండు గీతలు గీసి, 'ఇంగ్లీషు కూరలు వద్దే వద్దు' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. ఆ మాటలు వంటావిడవి, పెద్దక్షరాలు మేనల్లుడివి.

మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. పుష్య బహుళ పంచమి ఆవిడ తిథి. సంక్రాంతి సందడి సద్దుమణిగీ మణగకముందే వస్తుంది. వాకిట్లో ముగ్గు రంగులు పూర్తిగా పోకముందే నువ్వులూ దర్భలూ వెతుక్కుంటాం.

అన్నయ్య వాళ్ళ పేటలో కూరల కొట్లకేమీ లోటు లేదు. వీధి చివర అద్దాల కొట్టు ఉంది. తలుపు తోస్తే చల్లటి గాలి మొహాన కొడుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవరు, క్యారెట్టు, బంగాళాదుంప, మూడు రంగుల బెంగుళూరు మిరపకాయలు - చైత్రంలో వెళ్ళినా, కార్తీకంలో వెళ్ళినా అవే మొహాలు. ఆ కొట్లో నిలబడితే బయట ఎండాకాలమో వానాకాలమో చెప్పలేం. పెండలం ఉందా అని అడిగితే, అక్కడి కుర్రాడు "అది ఏ కంపెనీదండీ?" అన్నాడట మా వదినతో.

"కరకట్ట మీద ఒకావిడ తన పొలంలో పండినవే అమ్ముతుందట. మా ఆఫీసులో అందరూ అంటున్నారు. వీణ్ణి తీసుకుని వెళ్ళిరా" అంది వదిన. అలా ఓ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, మేనల్లుడి స్కూటరు వెనక ఎక్కాను.

ఆ ఊరి పేరు నేను రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి మీరందరూ కార్లేసుకుని వెళ్తారు. ఆ తర్వాత అక్కడా అద్దాల తలుపు పెడతారు.

కృష్ణ ఒడ్డున కరకట్ట మీద పొద్దున్నే వెళ్తుంటే చలికి చేతులు కొంకర్లు పోతాయి గానీ, కళ్ళకు మాత్రం పండగే. ఓ పక్క ఇసక మేటల మధ్య పాయలుగా ఏరు, ఇంకో పక్క అరటితోటలు, పసుపు మళ్ళు, కంద చేలు. బెజవాడ దగ్గర కృష్ణకు తొలి ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బరాజు వచ్చింది 1957లో. కాలవ నీళ్ళు పారినంత మేరా వరి పరుచుకుంది. కానీ ఏటి లంకల తీరు వేరు. వరదొచ్చినప్పుడల్లా కొత్త ఒండ్రు వేసుకునే ఆ నేలకు దుంపలన్నా, పాదులన్నా, అరటి అన్నా ప్రాణం. మన పెరళ్ళు పోయి మేడలు లేచాయి గానీ, ఆ పెరళ్ళలో ఉండే కూరలన్నీ వచ్చి ఈ లంకల్లో తలదాచుకున్నాయా అనిపించింది.

కొట్టు అంటే కొట్టేమీ కాదు. కట్ట దిగువన ఓ రేకుల పంచ, ముందు నులకమంచం, దాని మీద తాటాకు బుట్టలు. కరెంటు కాటా ఒకటి, దాని పక్కనే ఫోనుతో డబ్బు కట్టేందుకు అంటించిన చదరపు బొమ్మ. అట్టముక్క మీద 'మా చేలో కాసినయ్యే అమ్ముతాం' అని సుద్దతో రాసి ఉంది. అరవై దాటిన ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని చిక్కుళ్ళు ఏరుతోంది. నుదుట పెద్ద బొట్టు, భుజాల చుట్టూ కండువా.

"ఏం కావాలమ్మా?" అంది తలెత్తకుండానే.

మేనల్లుడు ఉత్సాహంగా, "మామిడికాయలున్నాయాండీ? పప్పులోకి" అన్నాడు. చిట్టాలో లేని కాయను అడగడం వాడికి సరదా.

ఆవిడ వాడికేసి జాలిగా చూసింది. "పైకి చూడు నాయనా" అంది. పంచ పక్కనున్న మామిడిచెట్టు నిండా పూత. "ఇయ్యాల పూత చూసుకో. కాయ కావాలంటే ఉగాదికి రా."

"పోనీ బెండకాయలు?"

"చలికి బెండ సరిగా కాయదు. ఎండలు ముదరనీ."

"మరి మీ దగ్గర ఏముంది?"

"ఏముందో అడగరు, లేందే అడుగుతారు బస్తీవాళ్ళు" అని నవ్వి, బుట్టల మీద గోనెపట్టా తీసింది. చూద్దును గదా, నా చీటీలో కూరలు వరసగా ఎవరో పేర్చిపెట్టినట్టున్నాయి. చిక్కుళ్ళు, చామ, పెండలం, చిలగడదుంపలు, రెండు అరటి గెలలు, కాకరకాయలు, గోరుచిక్కుళ్ళు. నల్లేరు ఏదని అడిగితే కంచె వైపు చూపించి, "దానికి డబ్బులేంటమ్మా, కావలసినంత తుంపుకో" అంది. కంద మాత్రం ఇంకా భూమిలోనే ఉంది. "తవ్వి తెస్తాడు కూర్చోండి" అని కొడుకును కేకేసింది. నేను నులకమంచం మీద కూలబడ్డాను.

అలా కూర్చున్న అరగంటలో నాకో సంగతి తట్టింది. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. రాజులూ యుద్ధాలూ పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాను గానీ, పాత కాగితం చూస్తే ఇది ఎప్పటిదా అని ఆలోచించే జబ్బు మాత్రం వదల్లేదు. మేనల్లుడి దస్తూరీ పక్కన పెట్టి చూస్తే, చేతిలో ఉన్న ఆ చీటీ దాదాపు ఐదు వందల ఏళ్ళ నాటిది!

ఎలాగంటారా? తద్దినానికి మనం ఏవి వద్దంటామో గుర్తు తెచ్చుకోండి. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవరు, క్యారెట్టు వద్దు. మా ఇంట్లో అయితే మిరపకాయ కూడా వద్దు. ఆ రోజు కారమంటే మిరియాలే, అల్లమే. ఈ వద్దన్నవాటిలో బంగాళాదుంప, టమాటా, మిరప ఈ మూడింటి పుట్టిల్లూ సముద్రాల అవతల, అమెరికా ఖండాల్లో. 1492లో కొలంబస్ అటు ఓడ నడిపించే దాకా మన దేశంలోనే కాదు, యూరప్‌లో కూడా వాటి పేరు విన్నవాళ్ళు లేరు. 1498లో వాస్కోడగామా కోళికోడు రేవుకు వచ్చాడు. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి పోయింది. ఆ శతాబ్దంలోనే వాళ్ళ ఓడల్లో మిరపకాయ వచ్చి మన ఒడ్డున దిగింది. కాలీఫ్లవరు మరీ కొత్త చుట్టం. 1822లో ఇంగ్లండులోని క్యూ తోటల నుంచి గింజలు తెచ్చి ఉత్తరాదిన సహారన్‌పూరులో నాటితే మొదలైంది దాని కాపురం.

మరి అంతకుముందు మనవాళ్ళు ఏం తిన్నారు? చూడాలంటే కృష్ణదేవరాయలు ఉన్నాడుగా. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన ఆ మహారాజు, 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడి ఇంటి భోజనాన్ని ఋతువుల వారీగా వర్ణించాడు. వానాకాలంలో వచ్చిన అతిథికి వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, పోపు వేసిన నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పల్చటి అంబలి, చెరకు రసం, కొబ్బరి నీళ్ళు, పళ్ళు, మజ్జిగ. చలికాలంలో మిరియప్పొడి చల్లిన కూరలు, ఆవఘాటు తగిలే పచ్చళ్ళు, పాయసం, వేడి నెయ్యి, మరగకాచిన పాలు. ఏ కాలానికి ఏది ఒంటికి పడుతుందో, ఏ కాలంలో ఏది పెరట్లో దొరుకుతుందో ఆ ఇంటి ఇల్లాలికి తెలుసన్నమాట. రాజ్యాలేలే రాజుకు ఈ వంటింటి సంగతులు ఎవరు చెప్పారో గానీ, చెప్పినావిడకు దణ్ణం పెట్టాలి. ఆ చలికాలపు విందులో ఘాటంతా మిరియానిదీ ఆవాలదీ. మిరపకాయ జాడ లేదు.

అదే రాజ్యాన్ని 1520 ప్రాంతంలో చూసి వెళ్ళిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, విజయనగరం సంతలకు నిమ్మకాయలూ, నారింజలూ, వంకాయలూ బళ్ళకొద్దీ వచ్చేవని రాసుకున్నాడు. అన్నన్ని కూరగాయల మధ్య తిరిగిన ఆ పెద్దమనిషికి బంగాళాదుంప కనబడలేదు, టమాటా కనబడలేదు. రాయలవారు బంగాళాదుంప వేపుడు రుచి చూడకుండానే వెళ్ళిపోయారు పాపం!

ఆ తర్వాత వచ్చినవాళ్ళను మనవాళ్ళు పేర్లు పెట్టి ఇంట్లోకి పిలిచిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మిరియంలా మండుతోంది గనక మిరపకాయ అన్నారు. అరవంవాళ్ళూ, కన్నడంవాళ్ళూ కూడా మిరియం పేరునే సాగదీసి దానికి పెట్టుకున్నారు. బంగాళాదుంప పేరులోనే బెంగాలు ఉంది. అదే దుంప రాయలసీమలో ఉర్లగడ్డ, తెలంగాణలో ఆలుగడ్డ. ఏ వాకిట్లోంచి వచ్చిందో ఆ వాకిటి పేరు. అమెరికా నుంచి వచ్చిన మరో పండుకు ఏకంగా సీతమ్మవారి పేరు పెట్టి సీతాఫలం అన్నాం. ఇక టమాటా. మన చేలగట్ల మీద నేలములక అని ఓ ముళ్ళమొక్క ఉంటుంది, చూశారా? అదీ టమాటా ఒకే జాతివి. ఆ పోలిక పల్లెటూరి కళ్ళు ఎప్పుడో పట్టేశాయి. సీతమ్మ పేరు ఒకదానికి ఇచ్చాం గనక రాముడి పేరు దీనికిచ్చి, రామములక్కాయ అన్నారు. మా అమ్మ చివరిదాకా ఆ మాటే అనేది. టమాటా అనడం ఆవిడ నోటికి పట్టలేదు.

అంతదాకా ఎందుకు, మొన్న సంక్రాంతికి మీ వాకిట్లో గొబ్బెమ్మ పెట్టారా? ఆ గొబ్బెమ్మ నెత్తిన పెట్టిన గుమ్మడిపువ్వు పుట్టింది అమెరికాలో. పక్కన గుచ్చిన బంతిపువ్వు స్వస్థలం మెక్సికో. పేడా, ముగ్గూ, పాటా మనవి. పువ్వులు మాత్రం సముద్రం దాటి వచ్చినవి. మనది, మనది అని మనం గుండెలకు హత్తుకునేవాటిలో ఎన్ని ఇలా వచ్చినవో!

ఈ చిట్టా అంతా చరిత్ర లెక్క ప్రకారమే నడిచిందని కూడా అనలేం. మునగ మన దేశపుదే, అయినా తద్దినానికి మా ఇంట పనికిరాదు. ఆనపకాయా పనికిరాదు. పెద్దలు దేన్ని ఎందుకు వద్దన్నారో ఇంటింటికీ ఓ కారణం, ఊరూరికీ ఓ ఆచారం. ఇంకో చిత్రం చూడండి. ఆ చీటీలోనే ఉన్న చిలగడదుంప పుట్టిల్లు కూడా అమెరికానే. మిరపకాయకు వాకిట్లోనే అడ్డం పెట్టిన మా పెద్దలు దీన్ని మాత్రం విస్తట్లోకి రానిచ్చారు. కందా చామా పక్కన మట్టి కొట్టుకుని బుద్ధిగా కూర్చుంది గదా, ఇదీ ఆ ఇంటి పిల్లే అనుకున్నారు కాబోలు. అంటే ఆ వాకిలి తలుపు పూర్తిగా మూసి లేదు. కాస్త ఓరగా తెరిచే ఉంది.

ఇక్కడికి వచ్చేసరికి నా మనసు చివుక్కుమంది. అమ్మ గుర్తొచ్చింది.

ఆవిడకు అన్నిటికన్నా ఇష్టమైన కూర రామములక్కాయ. పప్పులో వేసినా ఇష్టమే, నూనెలో మగ్గబెట్టి పచ్చిమిరపకాయలతో రోట్లో నూరిన పచ్చడైతే మరీ ఇష్టం. మా చిన్నప్పుడు పెరట్లో నాలుగు మొక్కలుండేవి. చలికాలంలో గుత్తులుగా కాసేవి. చిన్న కాయలు, గీతలుగీతలుగా ముడతలు, పల్చటి తోలు, నోట్లో వేసుకుంటే కన్ను గీటేంత పులుపు. మాఘం దాటి ఎండలు ముదిరితే మొక్కలు వాడిపోయేవి. మళ్ళీ పైఏటిదాకా ఆ పచ్చడి లేదు. అది లేని నెలల్లో అమ్మ దాని ఊసే ఎత్తేది కాదు.

పోయిన ఏడు మాత్రం ఎత్తింది. మంచాన పడి, ఏది పెట్టినా సయించక, భాద్రపదంలో ఒకరోజు, "రామములక్కాయ పచ్చడి తినాలనుందే" అంది నాతో. నేను ఒక్క ఉదుటున లేచి అద్దాల కొట్టుకు పరిగెత్తాను. గుండ్రంగా, నున్నగా, ఎర్రగా, అచ్చు పోతపోసినట్టున్న కాయలు కిలో తెచ్చాను. పచ్చడి నూరాను. కలిపి ఓ ముద్ద నోట్లో పెట్టాను. అమ్మ నమిలి, కాసేపు ఊరుకుని, "ఎర్రగా ఉంది" అంది. అంతే. రెండో ముద్ద వద్దంది. నేను మొహం ముడుచుకున్నానని కాబోలు, "నీ తప్పు కాదులే. ఈ నెలలో రామములక్కాయ ఎక్కడిదే పిచ్చిపిల్లా? పుష్యం రానీ, అప్పుడు తిందాం" అంది.

పుష్యం వచ్చింది. నేను హైదరాబాదులో నా పనుల్లో ఉన్నాను. పంచమినాడు అన్నయ్య ఫోను చేశాడు.

ఇప్పుడు ఏటేటా ఆవిడ పేరున విస్తరి వేసి, అందులో కందా చామా వడ్డిస్తాం. ఆవిడ అడిగిన కూర ఒక్కటి మాత్రం వడ్డించకూడదు.

"ఏమ్మా, దిగులుగా కూర్చున్నా? కంద వచ్చింది లే" అన్న మాటతో ఈ లోకంలో పడ్డాను. మట్టి ఓడుతున్న కందగడ్డ, చిన్న గుమ్మడికాయంత ఉంది, కాటా మీద కూర్చుంది.

తూకం అయింది. లెక్క చెప్పింది. బేరమాడటం మనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య గదా, నోరు దానంతటదే తెరుచుకుంది. "ఓ యాభై తగ్గించుకోండి పిన్నిగారూ, ఇంత దూరం వచ్చాం" అన్నాను. అద్దాల కొట్లో ఏనాడైనా ఒక్క రూపాయి తగ్గించమని అడిగానా? అక్కడ బిల్లు ఎంతొస్తే అంత నోరు మూసుకుని కడతాను. మట్టి చేతుల దగ్గరికి వచ్చేసరికే నాకు పొదుపు గుర్తొస్తుంది.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "ఎనకటికి మేమూ బస్తీకి వేసేవాళ్ళం అమ్మా" అంది. "ఆటో కిరాయి, దించిన కూలి, దళారీ రుసుం పోగా చేతిలో ఏం మిగిలేది కాదు. ఒకేడు ఆ గెలలు కొట్టిన కూలి కూడా రాక చేలోనే వదిలేశాం. అందుకని ఇక్కడే పెట్టా. అమ్ముడైతే అమ్ముడైంది, లేకపోతే గేదె తింటది. ధర మాత్రం నేను చెప్తా. నలభయ్యేళ్ళు సేద్యం చేశాక ఇప్పుడు నా సరుకు ధర నేను చెప్తున్నా."

నేను గబుక్కున నోరు మూసుకున్నాను. 1999 జనవరిలో మన రాష్ట్రంలో రైతుబజార్లు మొదలుపెట్టినప్పుడు నేను కాలేజీ పిల్లని. దళారీ లేకుండా రైతే వచ్చి కూర్చుని అమ్ముకోవాలన్నది వాటి ఉద్దేశం. అమ్మ సంచి పట్టుకుని వెళ్ళి, "పండించినవాళ్ళతోనే మాట్లాడి కొనుక్కొచ్చానే" అని మురిసిపోయేది. ఏ కాయ ఎప్పుడొస్తుందో, ఎలా వండాలో అడిగి తెలుసుకుని వచ్చేది. కూరల ధర కన్నా ఆ కబుర్లే ఆవిడకు ముఖ్యం. అంతకుముందు వారం వారం జరిగే సంతల్లోనూ అంతేగా? కొనే చెయ్యీ, పండించిన చెయ్యీ ఒకదాన్నొకటి చూసుకునేవి. మధ్యలో అద్దం లేదు.

అడిగినంతా ఇచ్చేశాను. సంచి కట్టుకుంటూ, ఎందుకో నోరాగక, "రామములక్కాయలు లేవా పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎన్నాళ్ళకు విన్నానమ్మా ఆ మాట! మా అత్త అనేది" అంది. "టమాటా మేం అమ్మకానికి వెయ్యం. ఇంట్లోకి మాత్రం దొడ్లో నాలుగు మొక్కలున్నయ్. ఇంతకీ, తద్దినానికి అది పనికిరాదుగా?"

"పనికిరాదు. మా అమ్మకి ఇష్టం" అన్నాను. ఆ పైన గొంతు పెగల్లేదు.

ఇంకేమీ అడక్కుండా ఆవిడ లోపలికెళ్ళింది. కొంగులో పోసుకుని రెండు దోసిళ్ళ కాయలు తెచ్చింది. చిన్నవి, ముడతలవి, భుజాల దగ్గర ఇంకా పచ్చిగా ఉన్నవి. నేను ఫోను తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మేయి కాదని చెప్పాగా. ఇది కొసరు."

కొసరు! ఆ మాట విని ఎన్నాళ్ళయింది? తూకం అయిపోయాక, లెక్క తేలిపోయాక, అమ్మేవాళ్ళు ఇష్టంగా ఇంకో గుప్పెడు సంచిలో వెయ్యడం. అద్దాల కొట్టు బిల్లులో దానికి గడి లేదు.

"నేను బేరమాడాను, మీరేమో కొసరు వేస్తున్నారు" అన్నాను సిగ్గుపడుతూ.

"బేరం బేరమే, కొసరు కొసరే" అంది ఆవిడ.

తద్దినం బాగా జరిగింది. వంటావిడ మా సంచి చూసి, "ఎక్కడ పట్టారమ్మా ఇవన్నీ!" అని మురిసిపోయింది. కంద కోస్తూ చేతులు దురదపెడితే, 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అని మా వదిన హాస్యమాడింది. అల్లం పచ్చడి, మిరియాల ఘాటు, గారెలు, నువ్వుండలు, పరవాన్నం - అన్నీ పద్ధతి ప్రకారమే వడ్డించాం. భోక్తలు తృప్తిగా తిన్నారు. ఐదు వందల ఏళ్ళ నాటి విస్తరి మా అన్నయ్య ఇంట్లో ఆ మధ్యాహ్నం చెక్కుచెదరకుండా పరుచుకుంది. దాన్ని మార్చాలని నాకు అనిపించలేదు. మన ముత్తవ్వల వంటిల్లు ఎలా ఉండేదో చూపించడానికి ఏడాదికి ఆ ఒక్క రోజన్నా ఉంది. అది కూడా పోతే చూడటానికి మనకు మిగిలేదేమిటి?

రామములక్కాయలు మాత్రం రెండు రోజులూ పళ్ళెంలో కిటికీలోనే ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెట్టబోయిన మేనల్లుణ్ణి నేనే ఆపాను.

మర్నాడు పొద్దున్న వదినా నేనూ కలిసి రోలు కడిగాం. కాయలు మగ్గబెట్టి, పచ్చిమిరపకాయలు వేసి, రెండు వెల్లుల్లి రెబ్బలతో నూరాం. ఇల్లంతా ఆ వాసనే. భోజనాల దగ్గర ఎవరికీ ఏమీ చెప్పలేదు. అన్నయ్య మొదటి ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. కన్ను గీటాడు. తల వంచుకుని ఇంకో ముద్ద కలిపాడు. మూడోసారి పచ్చడి వడ్డించమని పళ్ళెం జరిపాడు.

"ఎలా ఉందన్నయ్యా?" అన్నాను ఉండబట్టలేక.

"బానే ఉంది" అన్నాడు, ఇంకా తలెత్తకుండానే. "అమ్మ అయితే ఇంకాస్త ఉప్పేసేది."

వదిన లేచి ఉప్పు గిన్నె తెచ్చింది.

నాలుగైదు తరాల తర్వాత మా వంశంలో ఎవరో ఓ పిల్ల ఇలాంటి చీటీయే పట్టుకుని కూరలకు బయల్దేరుతుంది. ఆ చీటీలో చిలగడదుంప పక్కన రామములక్కాయ కూడా ఉంటుందేమో ఎవరు చూడొచ్చారు? ఉన్నా లేకపోయినా నాకు బెంగ లేదు. ఆ పిల్ల వెళ్ళేసరికి కరకట్ట మీద ఆ రేకుల పంచ ఉండాలి. తన సరుకు ధర తానే చెప్పే ఆవిడ ఒకరు మంచం పట్టె మీద కూర్చుని, "అది ఇప్పుడు రాదమ్మా, పుష్యంలో రా" అని చెప్పాలి.

కిటికీలో మిగిలిన నాలుగు పండిన కాయల గింజలు బూడిదలో ఆరబెట్టి, పొట్లం కట్టి నాతో హైదరాబాదు తెచ్చుకున్నాను. మా ఫ్లాటు బాల్కనీలో మూడు కుండీలున్నాయి. వినాయకచవితి వెళ్ళాక నారు పోస్తాను. మీరూ వేసి చూడండి. కాకపోతే పుష్యం దాకా ఓపిక పట్టాలి, మరి!